ఆషాఢంలో అద్వైతం

ఆ రోజుల్లో మనిషికి ప్రశాంతత కావాలంటే ఫోను ఛార్జింగు అయిపోతే చాలు, దానంతటదే వచ్చేది. ఆ రోజులంటే మరీ తాతల కాలమేమీ కాదు. స్మార్ట్‌ఫోను ఉంది, కాకపోతే తెర మీద పగుళ్లున్నాయి. ఉద్యోగం ఉంది, కాకపోతే ప్రైవేటుది. పెళ్లాం ఉంది, కాకపోతే పక్కన లేదు. ఇప్పుడు ఎవరైనా నా ఎదురుగా కూర్చుని ధ్యానం గురించి, మౌనం గురించి, 'నేనెవరు' అన్న విచారణ గురించి గొంతు తగ్గించి చెబుతుంటే నేను వినయంగా తలూపుతాను. (వాళ్లు నన్నేదో పామరుడనుకుని ఇంకా విడమరిచి చెబుతారు. చెప్పనీ.) నేనూ ఒకప్పుడు అద్వైతం దాకా వెళ్లొచ్చినవాణ్ణే. అంత దూరం వెళ్లి బ్రహ్మాన్ని చూడకుండా నాటుకోడి కూరను చూసి వచ్చానంటే ఆ తప్పు నా ఒక్కడిదే కాదు. ఆషాఢమాసానిది, మా మామది, ఆయన ట్రాలీ ఆటోది కూడా.

అప్పుడు నేను వనపర్తిలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో లెక్కల సారును. మా సొంతూరు ఇటిక్యాల దగ్గర. అత్తగారిది కోడేరు అవతల చిన్న పల్లె. ఎండాకాలంలో పెళ్లయింది, వనపర్తిలో రెండు గదుల ఇల్లు తీసుకున్నాం, గ్యాసు స్టవ్ ఎటు పెట్టాలన్న దాని మీద మా మొదటి కొట్లాట అయింది, కొట్లాట తర్వాత రాజీ ఎంత బాగుంటుందో అప్పుడే తెలిసింది. అంతలో ఆషాఢం వచ్చి నెత్తిన పడింది. మా వైపు ఆషాఢం వస్తే కొత్త కోడలు పుట్టింటికి పోవాలి, కొత్త అల్లుడు అత్తగారింటి గడప తొక్కకూడదు. ఈ నియమం ఎవరు పెట్టారో తెలియదు గానీ, పెట్టేనాటికి ఆయనకు పెళ్లయి చాలా ఏళ్లయి ఉంటుందని మాత్రం గట్టిగా చెప్పగలను. మా మామ తన ట్రాలీ ఆటో వేసుకొచ్చి, బిడ్డను, ఆమె సూట్‌కేసును, మా ఇంట్లో ఉన్న ఒకే ఒక్క టేబుల్ ఫ్యానును ("పిల్లకు ఉక్కపోస్తది అల్లుడా") ఎక్కించుకుని వెళ్లిపోయాడు. "నెల దినాలే. కండ్లు మూసి తెరిసేసరికి అయిపోతది," అన్నాడు పోతూ పోతూ. నేను చాలాసార్లు కళ్లు మూసి తెరిచాను. కాలేదు. ఉక్క మాత్రం పోసింది.

రోజూ ఫోనులో మాట్లాడుకునేవాళ్లం. ఆమె చుట్టూ ఎప్పుడూ ఎవరో ఒకరు ఉండేవారు కాబట్టి నేనెంత ప్రేమ ఒలకబోసినా అటునుంచి "ఆఁ", "ఊఁ", "తిన్న" తప్ప మరో మాట వచ్చేది కాదు. ఒకరోజు మాత్రం నన్ను ఉడికించాలనిపించిందో ఏమో, "నువ్వు లేకుంటే మంచిగ నిద్ర పడుతుంది లెక్కల సారూ. గురక లేదు, ఏం లేదు. శ్రావణంల గూడ ఈడనే ఉండాలనుంది," అంది. వెనక ఎవరో ఆడవాళ్లు కిసుక్కున నవ్వారు. నాకు పౌరుషం పొడుచుకొచ్చింది. "ఉండు పో," అని ఫోను పెట్టేశాను. కొత్తగా పెళ్లైనవాడి పౌరుషం కాబట్టి మర్నాటికి చల్లారిపోయింది, కానీ నేనే ముందు ఫోను చేయడానికి మనసొప్పలేదు. ఆమె చేస్తుందేమోనని కాలేజీలో పాఠం చెబుతూ కూడా జేబు తడుముకుంటూ తిరిగాను.

సరిగ్గా ఆ రోజే మా కరస్పాండెంటు స్టాఫ్ మీటింగు పెట్టాడు. ఆయనకు ఏడాదికొకటి పట్టుకునేది. నిరుడు కోళ్ల ఫారం పట్టుకుంది, స్టాఫంతా గుడ్లు కొన్నాం. ఈసారి వేదాంతం పట్టుకుంది. "అద్వైత మౌన శిబిరం. వారం దినాలు. ఉన్నది ఒక్కటే, రెండోది లేదు, గంతే సబ్జెక్టు. నాతోని స్టాఫ్ల నుంచి ఒక్కలన్న రావాలె, జీతం కట్ చెయ్య," అన్నాడు. అందరం బల్లల మీది గీతల్ని చదవడం మొదలుపెట్టాం. ఫిజిక్సు ఆయనకు అక్కడికక్కడే నడుం నొప్పి వచ్చింది. "యాడ సార్, శిబిరం?" అన్నాను ఏదో ఒకటి అడగాలని. కోడేరు దాటినాక ఒక మామిడితోటలో అన్నాడు. నా గుండె ఒక్క గెంతు గెంతింది. ఆ తోటను నేను ఎరుగుదును. పెళ్లికి పోయినప్పుడు మా మామ పత్తిచేను గట్టు మీద నిలబడి, "గా కనపడే మామిడితోట దాంక మనదే అయితుండె, మా తాత అమ్ముకున్నడు," అని చూపించాడు. అత్తగారి గడప తొక్కకూడదు, సరే. అత్తగారి చేను గట్టు తొక్కకూడదని ఏ పంచాంగంలోనూ లేదు. "నేనొస్త సార్," అన్నాను. కరస్పాండెంటు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "సూడుండ్రి! కొత్తగ పెండ్లైన పిలగాడు. పెండ్లాన్ని ఇడిసిపెట్టి వస్త అంటుండు. ఇది వైరాగ్యం!"

ఆమెకు చెప్పలేదు. ఒక సాయంత్రం ఆమె చేనుకు వచ్చినప్పుడు గట్టు మీద హఠాత్తుగా ప్రత్యక్షమవ్వాలి, ఆమె ఉలిక్కిపడాలి, అప్పుడు నా గురక గురించి అడగాలి. ఇదీ నా ప్లాను.

శిబిరంలో అడుగుపెట్టగానే ఫోన్లు తీసుకుని ఒక గుడ్డసంచిలో వేశారు. దీని సంగతి ముందు తెలియదు. సంచి మూతి బిగిస్తుంటే నా ఫోను పోయిన దిక్కే చూస్తూ నిలబడ్డాను. ఆ తర్వాత మాటలు బంద్. సైగలు బంద్. ఒకరి కళ్లలోకి ఒకరు చూడడం కూడా బంద్. (చూస్తే రెండోవాడున్నాడని ఒప్పుకున్నట్టట.) మౌన శిబిరంలో మాట్లాడే హక్కు గురువుగారొక్కరికే ఉంటుంది, ఆయన ఆ హక్కును పొల్లుపోకుండా వాడుకునేవాడు. బెంగుళూరులో ఇంజనీరుగా చేసి మానేసిన మనిషి, గొంతు వెన్నలా ఉండేది. "ఆకలి వేస్తోందనుకోండి. వెంటనే తినకండి. ఈ ఆకలి ఎవరికి అని అడగండి. వెతికితే ఆకలిగొన్నవాడు కనిపించడు," అనేవాడు. రాత్రి భోజనం లేదు, గ్లాసెడు రాగిజావ మాత్రమే. నేను కళ్లు మూసుకుని చిత్తశుద్ధిగా ఈ ఆకలి ఎవరికి అని అడిగాను. "నాకే," అని కడుపు వెంటనే జవాబిచ్చింది. ఎంత వెతికినా ఆకలిగొన్నవాడు తప్ప ఇంకెవరూ కనపడలేదు.

అసలు హింస అద్వైతంలోనే ఉంది. "ఇద్దరు లేరు, ఇద్దరు ఎప్పుడూ లేరు," అని ఆయన వెన్నగొంతుతో అంటున్నప్పుడల్లా నాకు వనపర్తి ఇల్లు, ఖాళీ పక్క గుర్తొచ్చి, "అవును స్వామీ, మామగారు తీసుకుపోయారు," అనాలనిపించేది. లోకమంతా మాయ అంటే సంతోషంగా ఒప్పుకునేవాణ్ణి. గద్వాల మాయ, వనపర్తి మాయ, మా కాలేజీ పచ్చి మాయ. కోడేరు అవతలి ఆ ఒక్క ఇల్లు తప్ప అన్నీ మాయే. సాయంత్రాలు నడక ధ్యానం అని ఒకటుండేది. నేను నమ్ముకుంది దాన్నే. కానీ అక్కడి నడకకు అడుగు ఎత్తుతున్నానని గమనించాలి, ఎత్తిన అడుగు గాల్లో ఉందని గమనించాలి, దించుతున్నానని గమనించాలి. ఆ లెక్కన మా మామ చేను గట్టుకు దసరాకు చేరతాను. పైగా నేను కంచె వైపు జరిగినకొద్దీ కరస్పాండెంటు నా వెనకే జరిగేవాడు. నా ఏకాగ్రతకు ముచ్చటపడి నా అడుగులో అడుగేస్తున్నాడు మహానుభావుడు. కంచె దాకా పోవడం, వెనక ఆయన తేన్పు వినపడడం, తిరిగి రావడం. ఇదే నా సాధన.

మూడో రోజో నాలుగో రోజో, జావ పోసే అక్క నా ముందు ఆగింది. ఆమె ఎవరో నేను అంతవరకూ చూడలేదు, చూడకూడదు కదా. "ఓ! అల్లుడా! నువ్వా?" అంది. మా అత్తగారి ఊరి మనిషి. మా పెళ్లిలో అప్పడాలు వేయించిందట. "ఈడెందుకు కూసున్నవు? ఇంటికి పోలే? మా పిల్లతోని ఏమన్న కొట్లాడినవా?" అని వరసపెట్టి అడిగింది. కరస్పాండెంటు నా పక్కనే కూర్చుని ఉన్నాడు. నేను నియమం ప్రకారం ముఖం పక్కకు తిప్పుకున్నాను. "జావన్న తాగు," అంది. అప్పటికే నా గ్లాసు నింపేసి ఇంకా పోయబోతుంటే చేయి అడ్డం పెట్టాను. ఆమె నన్ను ఒక క్షణం పరీక్షగా చూసి, "అయ్యో బిడ్డా," అని వెళ్లిపోయింది. ఆ అయ్యోలో ఎంత ప్రమాదం ఉందో నాకు అప్పుడు తట్టలేదు.

మా దిక్కున మనిషి మాట్లాడకపోవడానికి, తిండి వద్దనడానికి కారణం ఒకటే ఉంటుంది. ఆ మనిషి అలిగాడని. అందులోనూ అల్లుడైతే, అందులోనూ కొత్త అల్లుడైతే, మరో కారణం వెతికే ఓపిక కూడా ఎవరికీ ఉండదు. మర్నాడు మధ్యాహ్నం, అందరం చాపల మీద వరసగా కళ్లు మూసుకుని కూర్చున్నప్పుడు, తోట గేటు దగ్గర ట్రాలీ ఆటో చప్పుడు వినపడింది. ఆ సైలెన్సరు చప్పుడు నేను ఎక్కడైనా గుర్తుపడతాను, నా టేబుల్ ఫ్యాను దాని మీదే పోయింది. ఒక కన్ను కొద్దిగా తెరిచాను. ముందు మా మామ, భుజం మీద తువ్వాల. వెనక మా అత్త, చేతిలో స్టీలు టిఫిను. ఆ వెనక మామ తల్లి, అందరూ అవ్వ అని పిలిచే ముసలామె, చేతికర్రతో. అందరికంటే వెనక, ఆటో పక్కనే ఆగిపోయి, నా భార్య.

గురువుగారు పెదవుల మీద వేలు పెట్టి, నిర్వాహకుణ్ణి పంపాడు. ఆయన గుసగుసగా, "వారు మౌనవ్రతంలో ఉన్నారండీ," అన్నాడు. "వ్రతం లేదు, గితం లేదు. అలిగిండు," అన్నాడు మా మామ, గుసగుస అన్నది ఆయన ఎరగడు. "మా అల్లుని సంగతి మాకు తెల్వదా సారూ? పెండ్లిల ఎవడన్న అలుగుతడు. ఈ పిలగాడు అలగకుంట, సప్పుడు చెయ్యకుంట తిన్నడు. గప్పుడే అనుకున్న, గీయన లోపల పెట్టుకునే రకమని. గది గిప్పుడు బయట పడ్డది!" వచ్చి నా చాప ముందు గొంతుక్కూర్చున్నాడు. "అల్లుడా, జర కండ్లు తెరువు. మాతోని ఏం తప్పు జరిగింది? లగ్గంల మాంసం ముక్కలు సక్కగ పడలేదా? మా తమ్ముడు ఏమన్న అన్నడా? ఊరంత గుప్పుమన్నది, గీ ఇంటి అల్లుడు ఊరి పొలిమేరల జావ గూడ తాగకుంట ఉపాసం కూసున్నడని. నేను నలుగుర్ల తిరగాలెనా వద్దా?"

ఈలోగా మా అత్త టిఫిను మూత తీసింది. నాటుకోడి కూర, జొన్నరొట్టెలు. ఆ వాసన చాపల వరస మీదుగా మెల్లగా నడక ధ్యానం చేసుకుంటూ పోయింది. రోజుల తరబడి రాగిజావ మీద బతుకుతున్న ముముక్షువులందరి ముక్కులూ ఒకేసారి కదిలాయి. ఈ వాసన ఎవరికి వస్తోంది అని ఎవరూ అడగలేదు. అందరికీ తెలుసు. మా అత్త నాతో నేరుగా మాట్లాడదు, మా దిక్కు ఆనవాయితీ. అందుకని మామిడిచెట్టుతో, "తినుమనుండ్రి. కోడి సచ్చి ఊకనే పోతది," అంది.

మాట్లాడితే పక్కనే కరస్పాండెంటు. మాట్లాడకపోతే మామ పరువు. ఇంకా కొద్ది సేపటికి బ్రేకు వస్తుంది, నిర్వాహకుడి అనుమతి అడిగి వస్తాను, ఒక్క నిమిషం ఆగండి అని చెప్పడానికి ఒక వేలు ఎత్తి చూపించాను. అదే నేను చేసిన పొరపాటు. "ఒక్కటా?" అన్నాడు మామ, ముఖం వెలిగిపోయింది, అలిగినవాడు బేరానికి వచ్చాడంటే సగం దిగివచ్చినట్టే. "ఏంది ఒక్కటి? బండా? మోటరు సైకిలా? మాట అడిగితే నేనియ్యనా!" సరిగ్గా అప్పుడే వేదిక మీద గురువుగారు కళ్లు తెరిచి నా వేలును చూశాడు. వెన్నగొంతు వణికింది. "చూశారా? బంధువులు లాగుతున్నారు, రుచులు లాగుతున్నాయి. ఆయన ఏమంటున్నారు? ఒక్కటే! ఉన్నది ఒక్కటే!" నా పక్కన కరస్పాండెంటు భక్తితో చేతులు జోడించాడు. నేను గాభరాగా వేలు దించి అడ్డంగా తలూపాను. "బండి గాదంట," అన్నాడు మామ. "నేతి, నేతి. ఇది కాదు, ఇదీ కాదు," అన్నాడు గురువుగారు. "పొట్టేలా?" అన్నాడు మామ.

అవ్వ అంతసేపూ కర్ర మీద గడ్డం ఆనించి నా ముఖాన్నే చూస్తోంది. "నోరు ముయ్యరా," అంది కొడుకుతో. "వాని కండ్లు నీ దిక్కు ఉన్నయా, టిఫిను దిక్కు ఉన్నయా? సూడు, ఆటో దిక్కున్నయి." అందరూ ఆటో వైపు తిరిగారు. నా భార్య అక్కడ నుంచి కదిలి మెల్లగా వచ్చింది. ముఖం ఉబ్బి ఉంది. నా చాపకు కాస్త ఎడంగా నిలబడింది. నేను ఎప్పుడూ చూడని మనిషిలా ఉంది, ఆ కిసుక్కు నవ్వులు, ఆ ఉడికించడం ఏమీ లేవు.

"నేనన్న మాటకే గదా?" అంది. "గురక లేక నిద్ర పడుతుందంటి. అబద్ధం చెప్పిన. పెద్దమ్మోళ్లు పక్కకే ఉండిరి, సిగ్గయి గట్లన్న. నేను చేసేసరికి సెల్లు బంద్ పెట్టినవు. పక్కింటోళ్లకు చేస్తే తాళం ఏసుందన్నరు. నాకేం తెలుస్తది, యాడ పోయినవో? ఏమైనవో? ఎవరికి చెప్పుకోవాలె? ఇప్పుడు మా ఊరి పక్కకే వచ్చి నా దిక్కు సూడకుంట కూసున్నవ్. ఇగ నాతోని మాట్లాడనే మాట్లాడవా?" నేను సరదాగా కట్టుకున్న ప్లాను ఆమెకు ఇన్ని రోజులు నిద్ర లేకుండా చేసిందని అప్పుడు తెలిసింది. నాకు ఏడుపు వచ్చినంత పనైంది.

"నీ కోసమే వచ్చిన," అన్నాను. రోజుల తరబడి వాడని గొంతు కాబట్టి, మెల్లగా అందామనుకున్నది తోటంతా వినపడేలా వచ్చింది. వచ్చాక ఆగలేదు. "ధ్యానం లేదు, గీనం లేదు. మీ చేను పక్కనే అని వచ్చిన. గట్టు మీద నిన్ను చూద్దామని వచ్చిన. ఫోను వీళ్లు గుంజుకున్నరు. నాక్కూడ నిద్ర పడతలేదు."

ఆ శిబిరం మొత్తంలో నిజమైన మౌనం అప్పుడు ఆవరించింది. చాపల మీద అందరి కళ్లూ తెరుచుకున్నాయి. నా భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు, తర్వాత భుజాలు ఊగడం చూసి రెండూ అని అర్థమైంది. మొదట అవ్వ నవ్వింది. ఆమెకున్న రెండు పళ్లూ కనపడేలా నవ్వి, "నేనేమంటి! పొట్టేలంట, బండంట! వానికి పెండ్లాం గావాలె," అంది. చాపల వరస మొత్తం ఘొల్లుమంది. కరస్పాండెంటు మాత్రం నవ్వలేదు. "వైరాగ్యం అంటివి గదనయ్యా," అన్నాడు దెబ్బతిన్నవాడిలా. "నేనన్లే సార్, మీరే అన్నరు," అన్నాను.

గురువుగారు నొచ్చుకున్నాడు. మౌనం భంగమైంది, నిర్వాహకుల దగ్గర మీ వస్తువులు తీసుకోవచ్చు అన్నాడు, వెన్న కొంచెం గడ్డకట్టిన గొంతుతో. గుడ్డసంచిలోంచి ఫోను తీసుకున్నాను. ఇప్పుడు పెద్ద సమస్య వచ్చి పడింది. అల్లుణ్ణి ఎక్కడికి తీసుకుపోవాలి? ఇంటికి పోదామంటే ఆషాఢం. వనపర్తికి పంపుదామంటే అలిగి వచ్చిన అల్లుణ్ణి గేటు నుంచే పంపించారని ఊరు అంటుంది. మామ తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు. అప్పుడు మా అత్త, మళ్లీ మామిడిచెట్టును చూస్తూనే, "చేన్ల మోటరు కాడ కొట్టం ఉన్నది. దానికి గడప లేదు," అంది. పంచాంగం మొత్తాన్ని అంత తేలిగ్గా దాటేసిన మనిషిని నేను మళ్లీ చూడలేదు. పోతూ పోతూ ఆమె కోడికూర సగం తీసి జావ అక్క చేతిలో పెట్టింది. అది ఎవరెవరు తిన్నారో నాకు తెలియదు. కాలేజీకి తిరిగి వచ్చాక కరస్పాండెంటు చాలా రోజులు నాతో మాట్లాడలేదు, కానీ ఒకసారి స్టాఫ్ రూములో ఒంటరిగా దొరికినప్పుడు, "మీ అత్త చెయ్యి మంచిదయ్యా," అన్నాడు.

శిబిరం వారంలో మిగిలిన రోజులు మోటరు కొట్టంలో ఉన్నాను. దోమలు, తడి మట్టి వాసన, కరెంటు వచ్చినప్పుడల్లా ఉలిక్కిపడి మొదలయ్యే మోటరు. పొద్దుగూకే వేళకు నా భార్య టిఫిను తెచ్చేది, ఆమె వెంట కాపలాకు అవ్వ వచ్చేది. అవ్వ మాకు వీపు పెట్టి గట్టు మీద కూర్చుని, "నాకు సెవులు వినపడయ్," అని గట్టిగా చెప్పి, పత్తిచేనును చూస్తూ ఉండేది. మేం పెద్దగా మాట్లాడుకున్నదేమీ లేదు. ఆమె రొట్టె తుంచి ఇచ్చేది, నేను తినేవాణ్ణి. అంత సంతోషంగా నేను నా జన్మలో ఎప్పుడూ లేను. ఆ మాట చెప్పడానికి ఇప్పుడు సిగ్గు కూడా లేదు.

ఇప్పుడు నేను వేరే కాలేజీలో ప్రిన్సిపాల్ని, పొట్ట వచ్చింది, బీపీ వచ్చింది, ధ్యానం చేయమని డాక్టరు కూడా చెప్పాడు. ఆషాఢం ఎప్పుడు వచ్చిందో ఎప్పుడు పోయిందో చీరల షాపుల డిస్కౌంటు బోర్డులు చూస్తే తప్ప తెలియదు. మొన్నామధ్య ఏదో విషయానికి నాకు నిజంగానే అలక వచ్చింది. ఈసారి వ్రతం లేదు, శిబిరం లేదు, అచ్చమైన అలక. పొద్దున్నుంచి ఎవరితోనూ మాట్లాడలేదు. టిఫిను సగం వదిలేశాను. సోఫాలో అందరికీ కనపడేలా గోడ వైపు తిరిగి కూర్చున్నాను. కూతురు నా కాళ్లు దాటుకుని పోయి ఛార్జరు తీసుకుంది. ఆటో ఏదైనా వచ్చి గేటు దగ్గర ఆగుతుందేమోనని, నమ్ముతారో లేదో, ఒకటి రెండు సార్లు చెవులు రిక్కించాను కూడా. సాయంత్రం నా భార్య వచ్చి నా ముఖం చూసి, నుదుటి మీద చెయ్యి వేసి, "గొంతు నొస్తుందా ఏంది, పొద్దుగాల నుంచి మాట్లాడతలేవు? ఉప్పునీళ్లు కాగబెడ్త, పుక్కిలియ్యి," అంది.

పుక్కిలించాను.